నాయన ఎత్తిన ఇసక

"ఎడం చెయ్యే గదా, పోనీలే" అన్నారు అందరూ. నాయన నిచ్చెన మీదినుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు చూసేకి వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఇదే మాట. అన్నం తినేది కుడిచేత్తో, వేలిముద్ర వేసేది ఏ చేత్తోనైనా పర్వాలేదు, ఎడంది ఉంటే ఎంత లేకుంటే ఎంత అన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోతాండె. ఎమ్మిగనూరులో పుట్టి, మగ్గాల సద్దులో పెరిగినోళ్ళు గూడ ఇట్ల మాట్లాడితే ఏం చెప్పాల? గుంటమగ్గంలో కూసున్నోనికి కుడిచేతి పని ఎంత? తాడు గుంజితే నాడె ఆ పక్కనుంచి ఈ పక్కకు ఉరుకుతాది, అంతే. గుడ్డను గుడ్డగా చేసేది ఎడం చెయ్యి. నాడె పోగును పరిచి పోయినాక, ఎడంచేత్తో పలక గుంజి, ఆ పోగు ముందరి పోగుకు ఆనుకునేటట్టు కొట్టాల. పొద్దున కూసుంటే పొద్దు గూకేదాకా ఆ దెబ్బే. అది సరిగ్గ పడకుంటే అయ్యేది చీర కాదు, జల్లెడ.

నాయన ఎడం చేతికి ఇంకో విద్య ఉండె. షావుకారు ఇంటినుంచి నూలు తెచ్చినాక, ఆ చిలపను ఎడం అరచేతిలో పెట్టుకోని ఒకసారి పైకీ కిందికీ ఆడించి తూకం చెప్పేసేవాడు. కేజీలొచ్చి ఎన్నేళ్ళయినా ఆయనకు శేర్లూ తులాలే. ఒకసారి రెండు తులాలు తక్కువుందని తిరిగి పంపిస్తే, షావుకారు గుమాస్తా నగుకుంటా త్రాసులో ఏసినాడంట. సరిగ్గ రెండు తులాలే తక్కువ. సంతలో ఎర్రగడ్డలమ్మే ఆమె ఐతే నాయన కనబడితే సాలు, తూకం అయినాక ఇంకో రెండు గడ్డలు పైనేసి, ఇంగ ఆడించొద్దప్పా తీసుకపో అనేది. వీధిలో పుట్టిన పిల్లోళ్ళను గూడ ఎత్తుకోని ఇన్ని శేర్లని చెప్తాండె. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నేనైతే లెక్కజేయకపోతిని.

నాకప్పుడు పదిహేడేండ్లు. ఆడపిల్లకు ఇంత సాలులే అని ఏడో తరగతితో బడి మానిపించి రాట్నం ముందర కూసోబెట్టింటిరి, కండెలు చుట్టేకి. మాది మట్టిమిద్దె. వానలు పడకముందే పైన చౌడుమన్ను పరచాల, లేకుంటే ఇంట్లో యాడ గిన్నె పెట్టాల్నో తెలీనంత కారుతాది. ఆ ఏడు నడి ఎండాకాలంలో నాయన చౌడుగంప నెత్తిన పెట్టుకోని నిచ్చెన ఎక్కినాడు. పై మెట్టు మీద కాలు జారె. గంప ఒకపక్క, మనిషి ఒకపక్క. ఎడం చెయ్యి కింద పడి, మోచేతి పైన విరిగె.

ఆస్పరి దిక్కు ఒక పల్లెలో కట్టు కట్టే ఆయప్ప ఉంటే అక్కడికి తీసుకపోయినాము. ఆయప్ప గుడ్డుసొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టినాడు. ఆరువారాలకు రాండి, ఇప్పుతాను అని చెప్పినాడు. ఆయన తప్పేం లేదు, తప్పంతా మాదే. ఆరువారాలు అయినాక నాయన పోతే కదా! ఇంకో పదిదినాలుంటే ఇంకా గట్టిగ అతుక్కుంటాదిలే అన్నాడు. నేత మనిషి బుద్ధి అది, ఎంత బిగిస్తే అంత గట్టి అని. అమ్మ సరే అన్నె, నేనూ సరే అంటిని. అట్ల పదిదినాలు కాస్తా మూడువారాలు ఆయె. కట్టు ఇప్పినప్పుడు లోపల ఉన్న చెయ్యి మా నాయనదేనా అనిపించె. తోలు పాలిపోయి, కండంతా ఎండిపోయి, కండెపుల్ల మాదిరి ఉండె. వంచితే వంగదు, సాపితే సాగదు.

ఆదోని పెద్దాసుపత్రికి తీసుకపోయినాము. డాక్టరు చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసినాడు. ఎముక బాగా అతుక్కుంది, కండ పని మర్చిపోయింది అన్నాడు. మందేమన్న రాస్తారా అని అమ్మ అడిగె. దీనికి మందు లేదమ్మా, పని చెప్పడమే మందు అని చెప్పి, ఏమేం చెయ్యాల్నో చూపించినాడు. గోడకు ఎదురుగ నిలబడి వేళ్ళతో పైకి పాకాల. తడిగుడ్డ పిండాల. చేతిలో కొంచెం బరువు పట్టుకోని మోచెయ్యి వంచాల, వారం వారం ఆ బరువు పెంచుకుంటా పోవాల. ఏమన్న కొనాల్నా అంటే, ఏమీ వద్దు, ఇంట్లో ఉండేటివే సాలు అన్నాడు. ఒక్క మాట మాత్రం నన్ను చూసి చెప్పినాడు. కండ ఎంత వస్తాదో ఇప్పుడే చెప్పలేను, తొందరపెట్టొద్దు అని. తిరుగు బస్సులో ఆ మాట నేను ఎవురికీ గుర్తు చేయలేదు.

తొందరేమో మగ్గం మీద కూసోని ఉండె. నాయన పడేనాటికి ఒక చీర సగం నేసినాడు. పడుగు షావుకారుది. ఆయన మంచోడే, నాలుగుసార్లు వచ్చి చూసిపోయినాడు. కానీ దసరాకు ఆయనకూ చీరలు కావాల గదా. పండగలోపల నేత అయిపోయి పడుగు దిగాల, నీ చేత కాకుంటే కోయించుకోని పోయి ఇంకొకరి మగ్గానికి కడతాను అని మర్యాదగానే చెప్పినాడు. ఒకసారి పడుగు కోసుకోని పోయినారంటే ఆ మగ్గానికి మళ్ళా నూలు ఇచ్చేది కల్ల. మా వీధిలో అట్ల రెండు గుంటలు ఎండుగడ్డి ఏసుకునేకి అయిపోయిండె. ఒకాయన కోసిగి వాళ్ళతో గూడి ఊరిడిచి సుగ్గికి, అంటే కూలిపనికి, పోతాండె. నాయన సుగ్గికి పోయి ఏం చేస్తాడు, ఒంటిచేత్తో? మగ్గం పోతే మనిషే పోతాడని నాకు భయం పట్టుకునె.

అందుకని నేనే పట్టు పట్టినాను. గోడమీద బొగ్గుతో గీత గీసినాను, నిన్న వేళ్ళు యాడికి పోయినాయో ఈరోజు దానికన్న ఒక బెత్తెడు పైకి పోవాలని. పొద్దున్నే తడితువాలు చేతికిచ్చి పిండమంటిని. జొన్నలు ఇసిరే రాయి ముందర కూసోబెట్టి ఎడంచేత్తో తిప్పమంటిని. దానికి మాత్రం తలుపేసుకోని కూసునేవాడు, మొగోడు ఇసుర్రాయి తిప్పేది ఎవురన్న చూస్తారని. చూడనే చూసిరి. ఎదురింటి అవ్వ నిప్పుకని వచ్చి, ఏమప్పా కోడలు చేసే పని నీకే బెట్టిరే అని నగుకుంటా పోయె. మా ఇంట్లో కోడలూ లేదు, ఏమీ లేదు, నేనొక్కదాన్నే. ఆ దినం నాయన రాయిని కాలితో తోసి, ఇంగ నావల్ల కాదు అన్నాడు. నేనూ ఊరుకోలేదు. నోరున్నదాన్ని కదా, ఐతే పో, బస్టాండులో గుడ్డ పరుచుకోని కూసో పో అని అనేసినాను. అమ్మ నన్ను చెంప మీద ఒకటి ఏసె. నాయన మాత్రం రాయి దగ్గరికి జరుపుకోని మళ్ళా తిప్పినాడు.

అసలు బరువు ఇసకసంచి. అంచు తప్పిన గుడ్డముక్కలతో అమ్మ ఒక సంచి కుట్టె. వంకలోనుంచి నేను ఇసక తెచ్చి జల్లించి, మొదట ఒక శేరు పోసినాను. ప్రతి సోమవారం ఒక ముంత పెంచాల, అంటే పావుశేరు. నాయన మగ్గం గుంట అంచున కూసోని, మోచేతిని తొడమీద ఆనించి ఎత్తుతాండె, పొద్దున ఇరవైసార్లు, సందేళ ఇరవైసార్లు. మొదటి మూడు సోమవారాలు బాగానే గడిచె. రెండు శేర్లు పోసిన దినం సంచి లేయలేదు. చేతి నరాలు తేలి, సంచి జారి గుంటలో పడె. నాయన దాన్ని తీసుకునేకి గూడ వంగలేదు. ఆ దినం తిండి తినలేదు, మరుసటిదినం సంచి ముట్టలేదు. గోడకు ఆనుకోని సగం నేసిన చీరను చూస్తాండె. నేను మా నాయనను అట్ల ఎప్పుడూ చూసిండలేదు.

మూడోదినం ఆయన బయటికి పోయినప్పుడు నేను సంచి మూతి ఇప్పి రెండు ముంతల ఇసక తీసేసినాను. వచ్చినాక, నాయనా, ఒకసారి ఎత్తు, ఆ దినం నీకు పస లేకుండె అంతే అని సంచి చేతిలో పెట్టినాను. ఎత్తినాడు. ఒకసారి, రెండుసార్లు, ఇరవై. నా పక్క చూసినాడు. నేను నగితిని, నోరంతా తెరిచి నగితిని. ఆయన గూడ కొంచెం నగినాడు. అమ్మ వంటింట్లోనుంచి వచ్చి చూసి, కొంగు నోట్లో పెట్టుకోని ఏడ్చె.

ఆ నగుమొగం చూసినాక నాకు ఆగలేదు. ప్రతి సోమవారం ముంత నిండా ఇసక పట్టుకోని, నాయనకు కనబడేటట్టు, పోస్తాండాను చూడు అని చెప్పి పెరట్లోకి పోతాంటిని. తూకం తెలిసిన మనిషి గదా అని ఒకసారైనా నాకు తట్టల్యా? తట్టె. కానీ చెయ్యి పోయినాక ఆ చేతి తూకం గూడ పోయింటాదిలే అనుకుంటిని. పెరట్లో తడికె ఎనక ఇంకో సంచి పెట్టుకోనింటిని, నా పాతలంగా గుడ్డతో కుట్టింది. ఆయన సంచిలోకి పోవాల్సిన ఇసకంతా దాంట్లోకి పోతాండె. పారబోస్తే కనబడతాది గదా. మొదట్లో దాన్ని ఊరికే ఎత్తి చూస్తాంటిని, ఇది నాయన ఎత్తినట్టే అని. తర్వాత రోజూ ఎత్తడం అలవాటాయె. ఎవురిమీదనో కోపం వస్తే ఎత్తుతాంటిని, భయమేస్తే ఎత్తుతాంటిని. భయం రోజూ వేస్తాండె కాబట్టి రోజూ ఎత్తితిని.

పండగ మూడువారాలు ఉందనగా నాయన లెక్క ప్రకారం నాలుగు శేర్లు ఎత్తుతాండె. నిజానికి సంచిలో ఉండేది శేరున్నర. ఆ ఆదివారం ఆయనే షావుకారు ఇంటికి పోయి, రేపు కూసుంటాను, పండగకు పడుగు దించుతాను అని మాటిచ్చి వచ్చినాడు. అప్పుడైనా చెప్పాల కదా? నోరున్నదాన్ని అని ఊరంతా పేరున్న నాకు, చెప్పాల్సిన ఒక్కమాట గొంతు దాటలేదు. చెప్పితే ఆ నగు పోతాది. చెప్పకుంటే రేపు మగ్గమే చెప్తాది.

సోమవారం అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు ఏసె, పండగ ముందే వచ్చినట్టు. నాయన తలంటుకోని, పలకకు దండం పెట్టి గుంటలోకి దిగినాడు. మొదటి నాలుగు వేళ్ళ గుడ్డ బాగానే వచ్చె. నేను రాట్నం తిప్పుకుంటా దెబ్బలు వింటాండాను. మగ్గం ఇంట్లో పుట్టినోళ్ళకు చూడాల్సిన పన్లేదు, సద్దు సాలు. పొద్దెక్కేకొద్దీ దెబ్బ సన్నగిలె. తర్వాత ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం పెరిగె. మధ్యాన్నానికి పలక ముందుకొచ్చి గుడ్డను తాకి ఊరికే ఎనక్కి పోతాండె. అప్పటికీ ఆపలేదు మనిషి. చెమటతో అంగీ అంతా తడిసి, ఎడం చెయ్యి తనంతట తానే కిందికి జారితే, దాన్ని కుడిచేత్తో తీసి మళ్ళా పలకమీద పెట్టుకునె. అది చూసి నేను రాట్నం ఇడిచి లేచినాను.

సందేళ షావుకారు వచ్చినాడు. గుడ్డకింద చెయ్యి పెట్టి చూసినాడు. వేళ్ళు కనబడతాండె. గట్టిగ ఒకమాట అనింటే బాగుండు. ఆయన మెల్లగ, మూడుదినాలకు, బేస్తారం, మనిషిని తీసుకోని వస్తానప్పా, పడుగు కోసుకోని పోతాము, నువ్వు మనసులో పెట్టుకోవద్దు అని చెప్పి పోయినాడు.

ఆయన గడప దాటంగనే నేను నాయన ముందర కూసోని చెప్పేసినాను. ఇసక తీసింది, పోసినట్టు నటించింది, తడికె ఎనక సంచి, అన్నీ. ఏడుస్తా చెప్పినాను. నీకు నేను చేసిన పాపమిది, నిజం చెప్పింటే నువ్వు మాటిచ్చేవాడివి కాదు అన్నాను. నాయన గుంట అంచున కాళ్ళు లోపలికి ఏసుకోని కూసోనుండె. తలెత్తలేదు.

"తెలుసు పాపా" అన్నాడు.

"ఏం తెలుసు?" అంటిని.

"నూలు తూకం చెప్పే చేతికి ఇసక తూకం తెలీదా? మొదటిదినమే తెలిసె. అరశేరు తీసినావు."

"మరెందుకు ఎత్తినావు?" అని అరిచినాను. "ఎందుకు నగినావు?"

"నువ్వు నగితివి గదా" అన్నాడు. "అన్నిదినాలు నీ మొగం చూసి ఎత్తితిని. ఎత్తంగ ఎత్తంగ నాకూ ఆశ పుట్టె. సంచి తేలికని తెలుసు, ఐనా మగ్గం మీద కూసుంటే చెయ్యి తనంతకు తాను వస్తాదేమో అని."

నాకు జాలి రావాల్సింది, కోపం వచ్చె. ఆయనమీద, నామీద, కట్టు ఇప్పించుకోకుండ ఉన్న ఆ మూడువారాల మీద. ఇద్దరమూ ఒకరినొకరు మోసం చేసుకోని, ఆ మోసంతో దసరా దాకా వచ్చినామే అని. అమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా వినె. ఆమెకు మాత్రం ఎవురూ ఏమీ చెప్పలేదు పాపం. ఆమె ఆ రెండు నెలలూ నిజంగానే సంతోషపడిండె.

నాయన నా సంచి తెమ్మన్నాడు. తెచ్చిస్తే, ఎడంచేత్తో పట్టుకోలేక కుడిచేతిలో పెట్టుకోని ఆడించినాడు. రెండున్నర శేర్లు అన్నాడు. ఎన్నిసార్లు ఎత్తుతావు అని అడిగినాడు. లెక్కపెట్టను, ఏడుపు ఆగేదాకా ఎత్తుతాను అన్నాను. నా ఎడం చెయ్యి పట్టుకోని మోచేతి పైన కండను వేళ్ళతో నొక్కి చూసినాడు, సంతలో ఎద్దును చూసినట్టు. తర్వాత గుంట అంచునుంచి పక్కకు జరిగినాడు.

మా వీధిలో ఆడోళ్ళు మగ్గంలో కూసునేది లేదు. కండెలు మావి, పడుగుకు గంజి పెట్టేది మాది, మగ్గం మొగోళ్ళది. ఆడోళ్ళ చేతికి దెబ్బ రాదని చెప్పేవాళ్ళు. నాయన అన్నానికి లేచినప్పుడు దొంగతనంగ నాలుగు పోగులు ఏసి చూసింటిని చిన్నప్పట్నుంచి, అంతే నాకు తెలిసిన నేత. ఆ మర్నాడు ఇద్దరం గూడి నాయన నేసిన వదులుగుడ్డ అంతా పోగుపోగూ ఊడదీసినాము. ఆయన తన చేతి పనిని తానే ఇప్పుకుంటాండాడు. బుధవారం నేను గుంటలోకి దిగినాను. మొదట్లో నాడె రెండుసార్లు ఎగిరి బయట పడె. నాయన పక్కన కూసోని, తాడు అంత గట్టిగ గుంజొద్దు, ఆ బలమంతా ఎడంచేతికి పెట్టు అని చెప్తాండె. మధ్యాన్నానికి సద్దు కుదిరె. వంటింట్లో అమ్మ గరిటె చప్పుడు ఆగిపోయె, వింటాండాదని నాకు తెలిసె.

బేస్తారం షావుకారు, కత్తెర పట్టుకోని ఇంకొకాయన వచ్చిరి. అడుగుల సద్దు వినంగనే నేను ఎగిరి గుంటలోనుంచి బయటికొచ్చి, రాట్నం ముందర కూసోని, కండెలగంప ఒళ్ళో పెట్టుకుంటిని. ఏం చెప్పాల్నో నాయనకు చెప్పాల్సిన పన్లేదు అనుకుంటిని. ఆయన ఊరికే ఉంటే సాలు. షావుకారు వంగి కొత్తగుడ్డను రెండువేళ్ళ మధ్య పట్టి చూసినాడు, కిటికీ వెలుతురుకు పెట్టి చూసినాడు. మొగం విప్పారె.

"ఏమప్పా, చెయ్యి కుదిరినట్టుందే!" అన్నాడు.

నాయన గోడకు ఆనుకోని నిలబడిండె. ఊ అంటే అయిపోయె. ఊరంతా నాయన చెయ్యి బాగయింది అనుకునేది. నేను లోపల కూసోని కొడతాంటే, బయట ఆయన పేరు బతికేది. నేను కండెలగంపలోకి చూస్తా, ఊ అను నాయనా, ఊ అను అని మనసులో అనుకుంటాండాను.

"నా చెయ్యి ఇంగ రాదయ్యా" అన్నాడు నాయన. "కొట్టింది నా బిడ్డ."

నిచ్చెన మీదినుంచి పడిన దినంనుంచి మా ఇంట్లో ఎవురూ ఆ మాట అనలేదు. డాక్టరు అనలేదు, అమ్మ అనలేదు, నేను అననిచ్చిండలేదు. గోడమీద బొగ్గుగీతలన్నీ ఆ మాట రాకుండ గీసినవే. దాన్ని ఆయనే, బయటోళ్ళ ముందర, మామూలుగ, నూలు తూకం చెప్పినట్టు చెప్పేసినాడు. అన్నిదినాలు అబద్ధం ఎత్తిన మనిషి ఈ ఒక్కసారికి ఇంకో అబద్ధం ఎత్తింటే ఏం పోయేది అని నాకు ఏడుపొచ్చె.

షావుకారు నా చేతులను చూసినాడు, నాయనను చూసినాడు. కత్తెరాయనను బయటికి పొమ్మని సైగ చేసినాడు. పండగకు దిగాల మరి అని నాతోనే చెప్పి, చెప్పులేసుకోని పోయినాడు. నాతో ఒక షావుకారు పనిమాట మాట్లాడింది అదే మొదలు. దానికి సంతోషపడాలని గూడ నాకు తోచలేదు.

గుంటలోకి దిగినాను. కండ్లనిండా నీళ్ళు, నాడె సరిగ్గ కనబడల్యా. ఎంత బలంగ గుంజినానో ఏమో, మొదటి దెబ్బకే పడుగులో పోగు తెగె. నాయన వచ్చి పక్కన వంగి, ఒక కొసను పళ్ళతో పట్టుకోని, ఇంకో కొసను కుడిచేతి వేళ్ళతో ముడేసినాడు. ఎడం చెయ్యి పక్కన ఏలాడతాండె. ముడి బిగిసిందా లేదా అని ఒకసారి లాగి చూసి, కొట్టు అన్నాడు.

కొట్టినాను.